పిన్ని బల్ల మీదికి రాని ల్యాప్‌టాప్

"ఏ కంపెనీ ల్యాప్‌టాప్ కొనమంటారు, పిన్నిగారూ?"

ఈ ప్రశ్న ఎదురుకాని రోజు స్క్రూల పిన్ని జీవితంలో లేదు. కూరగాయల కొట్లో అడిగారు, బస్సులో అడిగారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్తే, నోట్లో పట్టకారు పెట్టి మరీ డాక్టరు అదే అడిగాడు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేకపోయింది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చాక బుగ్గ వాపుతోనే ఫోన్ చేసి చెప్పింది. సలహా అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఆవిడకు చేతకాదు.

ఆవిడ దుకాణం ఒక మూడంతస్తుల మేడలో మెట్ల కింద ఉంటుంది. ముందు సగం భర్తది, జిరాక్సు మిషను. వెనక సగం ఆవిడది. ఒక బల్ల, మెడ వంచే దీపం, ఒక భూతద్దం. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి లేచి నిలబడాలంటే ఒకరు వీధిలోకి వెళ్ళక తప్పదు. పాతికేళ్ళ కాపురంలో తాము పెద్దగా పోట్లాడుకోకపోవడానికి కారణం ప్రేమ కాదని, చేతులు ఊపడానికి జాగా లేకపోవడమేనని ఆయన అందరికీ చెబుతుంటాడు.

స్క్రూల పిన్ని అన్న పేరు ఆవిడ పనితీరు వల్ల వచ్చింది. ల్యాప్‌టాప్ విప్పేముందు, పాడైపోయిన ఒక జిరాక్సు కాగితం వెనక దాని అడుగుభాగం బొమ్మ గీస్తుంది. ఊడదీసిన ప్రతి స్క్రూనూ బొమ్మలో అదే చోట టేపుతో అతికిస్తుంది. మళ్ళీ బిగించాక కాగితం మీద ఒక్కటి మిగిలినా సరే, మొత్తం విప్పి మొదటికి వస్తుంది.

"ఒక్క స్క్రూకి ఏమవుతుందే, నడుస్తోందిగా!" అంటాడు భర్త.

"మీ చొక్కాకి గుండీ ఊడినా మీరూ నడుస్తారు. చూసేవాళ్ళకే ఇబ్బంది."

ఈ పట్టుదల తండ్రి నుంచి వచ్చింది. ఆయన టైపురైటర్లు బాగుచేసేవాడు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే పళ్ళు తోమే బ్రష్షుతో అక్షరాల సందుల్లో సిరా గీకడం ఆవిడ వంతు. ఆఫీసుల్లో టైపురైటర్లు మూలపడ్డాక ఆయన చాలాకాలం ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అది చూడలేక ఆవిడే ఎక్కడినుంచో ఒక చచ్చిన కంప్యూటర్ మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఇద్దరూ కలిసి విప్పారు. "ఇందులో కదిలేది ఏదీ లేదేంటే!" అని ఆయన నోరెళ్ళబెట్టాడు. ఆవిడ మాత్రం ఆ వారంలోనే దానికి ప్రాణం పోసింది.

కంపెనీలను పిన్ని అసలు పేర్లతో పిలవదు. ఎప్పుడూ తన బల్ల మీదే ఉండే నల్లటి, మందపాటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు నల్లబర్రె అని పేరు పెట్టింది. ఎంత మర్యాదగా చూసుకున్నా ఏదో ఒక వంక పెట్టుకుని అలిగే చవకరకం పేరు అల్లుడు. వెండిరంగులో పలచగా, ముట్టుకుంటే మాసిపోతుందేమో అన్నట్టుండే ఖరీదైనది దొరసాని. గోడ క్యాలెండర్ వెనక ఈ మూడు పేర్లూ రాసి, బాగుచెయ్యడానికి ఒకటి వచ్చినప్పుడల్లా దాని పేరు కింద ఒక గీత గీస్తుంది. సంవత్సరం మారినప్పుడు కొత్త క్యాలెండర్ వెనక పాత లెక్క ఎక్కిస్తుంది. ఇలా పదకొండేళ్ళుగా నడుస్తోంది. నల్లబర్రె కింద గీతలు పట్టక పక్కకి తిరిగి పైకి పాకాయి. అల్లుడు కిందా తక్కువేం లేవు. దొరసాని కింద ఒక్క గీత లేదు.

అందుకే ఎవరడిగినా పిన్ని జవాబు ఒక్కటే. "డబ్బుంటే దొరసానిని కొనండి. పదకొండేళ్ళలో నా బల్ల ఎక్కలేదు." ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో ఒక ధీమా ఉండేది. చేతిలో లెక్క ఉన్న మనిషికి ఉండే ధీమా అది.

ఆ ధీమాతోనే లెక్కల టీచర్‌కు కూడా చెప్పింది.

లెక్కల టీచర్ ఎదురు వీధిలో ఉంటుంది. పిన్ని కూతురికి ఏడో తరగతిలో లెక్కలు నేర్పింది ఆవిడే. ఒకప్పుడు ఆవిడ క్లాసులో "తొమ్మిదో ఎక్కం!" అని కేక వేస్తే, బడి బయట సైకిలు మీద పోయేవాడు కూడా ఉలిక్కిపడి తొమ్మిదొకట్ల తొమ్మిది అనుకునేవాడు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ స్వరపేటిక తీసెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు మెడ చుట్టూ పలచటి రుమాలు కట్టుకుని, చేతిలో చిన్న నోటుబుక్కుతో తిరుగుతోంది. చెప్పదలచుకున్నది అందులో రాసి చూపిస్తుంది.

ఆ రోజు నోటుబుక్కులో ముందే రాసుకుని వచ్చింది. బడి కమిటీవాళ్ళు ఆవిడకు రెండు దారులు చూపించారు. ఒకటి, రికార్డుల గదిలో కూర్చుని ఫైళ్ళు సర్దడం. రెండోది, టైపు చేస్తే పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, కమిటీ ఎదుట ఒక క్లాసు చెప్పి చూపించడం. క్లాసు సాఫీగా జరిగితే ఏడో తరగతి మళ్ళీ ఆవిడదే. మధ్యలో తేడా వస్తే రికార్డుల గదే. ఇంకో అవకాశం ఉండదు.

కింద ఒక వాక్యం విడిగా, పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "నా గొంతు ఇదే అవుతుంది. నన్ను మోసం చెయ్యనిది ఏదో మీరే చెప్పండి."

పిన్ని క్యాలెండర్ తిప్పి గీతలు చూపించింది. "చూశారుగా టీచర్‌గారూ! కళ్ళు మూసుకుని దొరసానిని తెచ్చుకోండి. పూచీ నాది."

పూచీ నాది అనడం ఎంత తేలికో, మోయడం ఎంత కష్టమో ఆవిడకు తెలిసింది ఇరవై రోజుల తరవాత.

టీచర్ దొరసానిని కొనుక్కుంది. రోజూ పొద్దున వంటింట్లో అద్దం ముందు నిలబడి క్లాసు సాధన చేసింది. ముందుగా టైపు చేసి పెట్టుకున్న వాక్యాలు కొన్ని, అప్పటికప్పుడు కొట్టేవి కొన్ని. అంతా సవ్యంగానే సాగింది. కమిటీ క్లాసు ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక ఉదయం మీట నొక్కితే దొరసాని కళ్ళు తెరవలేదు.

టీచర్ దాన్ని తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చింది. పిన్ని పైకి మాత్రం నవ్వుతూనే కాగితం మీద బొమ్మ గీసింది, స్క్రూడ్రైవర్ అందుకుంది, ల్యాప్‌టాప్ తిరగేసింది. స్క్రూలు లేవు. అంచుల వెంట వేలితో తడిమింది. అంతా జిగురే. ఎక్కడ పట్టుకుని ఎత్తినా ఏదో ఒకటి విరిగేలా ఉంది. పదకొండేళ్ళుగా ఊరందరికీ సిఫారసు చేసిన సరుకును తాను ఒక్కసారైనా తిరగేసి చూడలేదని ఆవిడకు అప్పుడు తట్టింది.

"కంపెనీవాళ్ళ దగ్గరికే పోదాం పదండి," అంది.

కంపెనీ సర్వీసు కేంద్రం చల్లగా, తళతళలాడుతూ ఉంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిన పిన్ని అక్కడే నిలబడిపోయింది. వరసగా కుర్చీలు. ప్రతి కుర్చీలో ఒక మనిషి, ప్రతి ఒళ్ళో ఒక దొరసాని. ఒకదానికి తెర మీద అడ్డగీతలు, ఒకదానికి పొట్ట ఉబ్బిన బ్యాటరీ, ఒకదానికి సగం మీటలు పనిచెయ్యవు. పదకొండేళ్ళుగా తన బల్ల మీదికి రానివన్నీ ఇక్కడికి వస్తున్నాయన్నమాట. ఎందుకు రాలేదో కూడా పిన్నికి అర్థమైంది. విడిభాగాలు బయట దొరకవు, జిగురు ఊడదీయడానికి పనిముట్లు బయటివాళ్ళ దగ్గర ఉండవు. వీధిలో బాగుచేసేవాళ్ళెవరి దగ్గరికీ వీటిని తీసుకెళ్ళి లాభం లేదు.

కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "గ్యారంటీలో ఉంది మేడమ్, ఉచితంగానే మార్చిస్తాం. కానీ బోర్డు రావడానికి మూడు వారాలు పడుతుంది."

"తొమ్మిది రోజుల్లో క్లాసుందమ్మా ఈవిడకి."

"అందరూ ఏదో ఒకటి ఉందనే చెప్తారండీ," అంది ఆ అమ్మాయి, పాపం.

తిరుగు దారిలో టీచర్ నోటుబుక్కు తియ్యలేదు. పిన్ని ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది గానీ ముద్ద ఎత్తలేదు.

"ఆవిడ నీ మీద కోప్పడిందా?" అన్నాడు భర్త.

"కోప్పడినా బాగుండేదండీ. ఆవిడ కోప్పడాలన్నా గొంతు కావాలి. అది నేను కొనిపించిందేగా," అని, పిన్ని కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు దుకాణం తెరవగానే టీచర్ వచ్చింది. పిన్ని తలెత్తలేకపోయింది. టీచర్ స్టూలు లాక్కుని కూర్చుని, నోటుబుక్కు తీసి, రాసి బల్ల మీదికి జరిపింది.

"ఇప్పుడు ఏది కొనమంటారు?"

పిన్ని దాన్ని రెండుసార్లు చదివింది. "మళ్ళీ నన్నే అడుగుతున్నారా? వేరే ఎవరినైనా అడగండి టీచర్‌గారూ. నా మాట వినే మీరు ఇలా అయ్యారు."

టీచర్ పెన్ను మళ్ళీ కదిలింది. "ఎక్కడ తప్పు చేశారో మీకు తెలిసింది. వాళ్ళు చెయ్యబోయే తప్పు వాళ్ళకింకా తెలీదు. నాకు మీరే నయం."

పిన్నికి కళ్ళు చెమర్చాయి. తప్పు చేసిన మనిషికి రెండోసారి పని అప్పగించేవాళ్ళు ఎంతమంది ఉంటారు? అరిచేవాళ్ళుంటారు, ముఖం చాటేసేవాళ్ళుంటారు, వీధంతా చెప్పుకు తిరిగేవాళ్ళుంటారు. ఈవిడ స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ క్షణంలో టీచర్ తన ప్రాణం అడిగినా పిన్ని స్క్రూలు విప్పి ఇచ్చేసేదే.

టీచర్ లేచి క్యాలెండర్ తిప్పి, గీతలను వేలితో చూపించి, నోటుబుక్కులో ఒక పాఠమే రాసింది. మీ బల్ల మీదికి వచ్చేవి జబ్బుపడినవి మాత్రమే. ఊళ్ళో ఆరోగ్యంగా పనిచేస్తున్నవి ఎన్ని ఉన్నాయో ఈ క్యాలెండర్‌కు తెలియదు. ఇంకో చోటికి పోయేవి ఎన్నో కూడా తెలియదు. పైన ఉన్న అంకె మాత్రమే చూశారు, కింద ఉండాల్సిన అంకె చూడలేదు. భిన్నంలో సగమే రాస్తే నేనైతే సున్నా వేస్తాను.

"వెయ్యండి," అంది పిన్ని. నిన్నటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు.

తరవాత పిన్ని ఆలోచనలో పడింది. ఏది పాడవదు అన్నది తనకు ఎప్పుడూ తెలియని విషయం. మరి తెలిసింది ఏమిటి? ఏది పాడైతే ఎంతసేపట్లో లేపి నిలబెట్టగలదో తెలుసు. నల్లబర్రెలో తాను ముట్టుకోని భాగం లేదు. దాని ప్రతి రోగమూ తెలుసు, ప్రతి విడిభాగమూ సొరుగులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని డిస్కు పక్కగోడలో ఒకే ఒక్క స్క్రూతో ఉంటుంది. అది తీసి లాగితే అరలో పుస్తకంలా జారి బయటికొస్తుంది. పాఠాలూ ప్రోగ్రాములూ అన్నీ ఆ డిస్కులోనే ఉంటాయి. దాన్ని అచ్చం అలాంటిదే ఇంకో నల్లబర్రెలోకి తోస్తే, ఏమీ జరగనట్టు అక్కడినుంచి పని సాగుతుంది.

"టీచర్‌గారూ, మీకు రెండు బర్రెల్ని ఇస్తాను," అంది పిన్ని.

టీచర్ కళ్ళు పెద్దవి చేసింది.

మూలపడిన అయిదు నల్లబర్రెల్లోంచి మంచి భాగాలు ఏరి, పిన్ని రెండు ఒకే రకం యంత్రాలు తయారుచేసింది. దీని తెర, దాని మీటలు, ఇంకోదాని స్పీకర్లు. భర్త జిరాక్సులు తీస్తూ మధ్యమధ్య తొంగిచూసి, "కవలలెలా ఉన్నారు?" అని అడిగేవాడు. టీచర్ పాఠాలు పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచడంతో అవేవీ పోలేదు. మిగిలిన రోజుల్లో టీచర్ ఇంట్లో ఇద్దరూ కలిసి సాధన చేశారు. టీచర్ పాఠం చెప్పడం సాధన చేసింది, పిన్ని డిస్కు మార్చడం సాధన చేసింది. ఒక్కోసారి స్క్రూ జారి కింద పడేది. అప్పుడు కూరల బుట్టల కింద, మంచం కింద ఇద్దరూ పాకుతూ వెతికేవాళ్ళు.

కమిటీ క్లాసు రోజున పిన్ని చివరి బెంచీలో కూర్చుంది. ఒళ్ళో సంచీ, సంచీలో రెండో కవల. బెంచీ చిన్నపిల్లల కోసం చేసింది కాబట్టి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పక్కన కుర్చీల్లో హెడ్‌మిస్ట్రెస్, కమిటీ పెద్దాయన. ఆయన కంట్రాక్టరు, ఏ వస్తువునైనా గోళ్ళతో తట్టి చూసే రకం.

టీచర్ మీటలు నొక్కింది. స్పీకర్లోంచి ఆడగొంతు ఒకటి, కొంచెం యాంత్రికంగా, కానీ స్పష్టంగా వచ్చింది. "ఒక ఊళ్ళో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గరికి నల్లవి నలభై వచ్చాయి. వెండిరంగువి ఒక్కటీ రాలేదు. ఏది కొనాలి?"

"వెండిరంగుది!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

పిన్ని తల సంచీలోకి దించుకుంది.

"ఊళ్ళో నల్లవి మొత్తం వెయ్యి ఉన్నాయి. వెండిరంగువి పదే ఉన్నాయి. వాటిలో రెండు పాడై, వేరే చోటికి వెళ్ళాయి. ఇప్పుడు చెప్పండి."

క్లాసు గతుక్కుమంది. పుస్తకాల మీద గీకుడు మొదలైంది. వెయ్యిలో నలభై అంటే వందకు నాలుగు. పదిలో రెండు అంటే వందకు ఇరవై. ముందు ఒకమ్మాయి "అమ్మో!" అంది, తరవాత అంతా గోల. తాను సిగ్గుతో చచ్చిపోయిన పొరపాటు మీద నలభైమంది పిల్లలు లెక్క చేస్తున్నారు. వింతగా, పిన్నికి సిగ్గు తగ్గుతూ వచ్చింది.

మూడో లెక్క మధ్యలో కమిటీ పెద్దాయన చెయ్యి ఎత్తాడు.

"అంతా బాగానే ఉంది టీచర్‌గారూ. కానీ నాకో అనుమానం. ఇలా చెబుతుండగానే ఈ మిషను ఆగిపోతే? అప్పుడు ఈ పిల్లలేం కావాలి?"

ఆ ప్రశ్న అన్యాయమైనదేం కాదు. టీచర్ జవాబు టైపు చెయ్యలేదు. పిన్ని వైపు చూసి తల ఊపింది.

పిన్ని లేచింది. బెంచీలోంచి బయటపడటానికే కొంతసేపు పట్టింది. ముందుకు వెళ్ళి, పనిచేస్తున్న ల్యాప్‌టాప్ మీట నొక్కి ఆపేసింది. హెడ్‌మిస్ట్రెస్ "అయ్యో!" అంది.

"ఆగిపోయిందనుకోండి," అంది పిన్ని.

పక్క స్క్రూ తిప్పింది. డిస్కు లాగింది. సంచీలోంచి రెండోది తీసి బల్ల మీద పెట్టింది. టీచర్ చేతులు కట్టుకుని పిల్లల వైపు చూస్తూ నిలబడింది. ఆవిడ గొంతు పోయింది గానీ ఆ చూపు ఎక్కడికీ పోలేదు. నలభైమందిలో ఒక్కరూ కదల్లేదు. కమిటీ పెద్దాయన కూడా కదల్లేదు. పిన్ని డిస్కు తోసి, స్క్రూ బిగించి, స్పీకరు తీగ గుచ్చి, మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. ఇంట్లో సాధనలో ఎన్నడూ ఇంతసేపు పట్టలేదనిపించింది. ఆవిడ పెదాలు ఎవరికి మొక్కుకున్నాయో ఆవిడకే తెలియదు. అప్పుడు తెర వెలిగింది.

టీచర్ నాలుగు మీటలు కొట్టింది.

"మనం ఎక్కడ ఆగాం?" అంది యంత్రం.

"మూడో లెక్క టీచర్!" అరిచారు పిల్లలు.

హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసింది. "మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నేను కళ్ళజోడు మర్చిపోయి స్టాఫ్‌రూముకు వెళ్ళొస్తే ఇంతకన్నా ఎక్కువ పడుతుంది."

కమిటీ పెద్దాయన వచ్చి ల్యాప్‌టాప్‌ను గోటితో తట్టి చూశాడు. తరవాత పిన్ని వైపు తిరిగాడు. "ఇది నిజంగా పాడైతే మీరు వస్తారా?"

"నా దుకాణం దగ్గర్లోనేనండీ. పిలిస్తే పరిగెత్తుకొస్తా."

"సరే. సోమవారం నుంచి ఏడో తరగతి టీచర్‌గారిదే," అని ఆయన హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాడు, సిమెంటు బస్తాలు దింపమన్నంత మామూలుగా.

పిన్ని గబగబా స్క్రూడ్రైవర్ సంచీలో వేసుకుంది. ఏడుపు వచ్చేస్తోంది. పిల్లల ముందు, కంట్రాక్టరు ముందు ఏడవకూడదు. ఈ గదిలో తనకు చెప్పుకోదగ్గ గౌరవం ఏదైనా ఉందంటే అది, తాను తప్పు చేశాక కూడా తన దగ్గరికే వచ్చిన మనిషి పెట్టిన భిక్ష. ఆ మాట టీచర్‌తో ఎప్పటికైనా చెప్పాలి. ఇప్పుడు మాత్రం నోరు తెరిస్తే ఏడుపే వస్తుంది. ఎవరి కంటా పడకుండా తలుపు దగ్గరికి నడిచింది.

వెనకనుంచి మీటల చప్పుడు వినిపించింది.

"పిన్నిగారూ, ఎక్కడికి? క్లాసు ఇంకా అయిపోలేదు. కూర్చోండి."

పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. పిన్ని గిరుక్కున తిరిగి, చివరి బెంచీలోకి మోకాళ్ళు దూర్చుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.